బట్టల క్లిప్పుల బుట్టలో చచ్చిపడి ఉందనుకున్నది లేచి అరిచింది. షుగర్ గ్లైడర్ గురించి కొన్ని సందేహాలు

అనకాపల్లి బెల్లం:

అందరికీ నమస్కారం. మేం సిడ్నీలో హార్న్స్‌బీ దగ్గర ఉంటాం. వెనక ఫెన్సు దాటితే అడవే. జులై కదా, ఇక్కడ నడి చలికాలం. పోయిన వారం మూడు రోజులు వాన వదల్లేదు. నాలుగో రోజు పొద్దున్న కాస్త ఎండ మొహం కనబడగానే మా అమ్మ (ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది) బట్టలు ఆరేస్తానని పెరట్లోకి వెళ్ళింది. షెడ్డు చూరుకు వేలాడే క్లిప్పుల బుట్టలో చెయ్యి పెట్టి కెవ్వుమంది.

నేను వెళ్ళి చూస్తే బుట్ట అడుగున బూడిదరంగు ఉండ. గుప్పెడంత. తోకను ఒంటి చుట్టూ చుట్టుకుని, ముక్కు పొట్టలోకి దూర్చుకుని ఉంది. ముట్టుకుంటే ఐసుముక్క. ఊపిరి ఆడుతున్న జాడే లేదు. "ఉడుతపిల్లరా, చలికి పోయింది పాపం" అంది అమ్మ. పాతిపెడదామని పార వెతుకుతున్నాను. ఈలోగా అమ్మ దాన్ని శాలువా కొంగులో వేసుకుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. ఇరవై నిమిషాలో అరగంటో గడిచాక కాళ్ళు వణకడం మొదలైంది. ఆ తరవాత కళ్ళు తెరిచింది. గోళీకాయల్లాంటి నల్లటి కళ్ళు, ఆ మొహానికి మరీ పెద్దవి. తెరిచీ తెరవగానే ఒక అరుపు అరిచింది చూడండి, మిక్సీలో కొబ్బరిముక్క ఇరుక్కున్నట్టు! అమ్మ శాలువాతో సహా వదిలేసింది.

పక్కింటి పెద్దావిడ వైర్స్ (అడవి జంతువులను కాపాడే సంస్థ) వాళ్ళకు ఫోన్ చేసింది. వాళ్ళ వాలంటీర్ వచ్చి, తూచి (132 గ్రాములు), అటూ ఇటూ తిప్పి చూసి, "షుగర్ గ్లైడర్, పెద్ద మగది, బాగానే ఉంది" అని పెట్టెలో పెట్టుకుంది. చీకటి పడ్డాక తెచ్చి మా వెనకున్న చెట్టు మీదే వదిలేసింది. ఆవిడ హడావిడిలో ఉండటంతో ఏమీ అడగలేకపోయాను. అందుకే ఇక్కడికి వచ్చాను.

నిజంగా చచ్చి బతికిందా? నెత్తి మీద పావలా బిళ్ళకన్నా చిన్నగా ఒక బోడిమచ్చ ఉంది, తామర కాదు కదా? ఇంట్లో ఏడేళ్ళ పిల్లాడు ఉన్నాడు, వాడూ ముట్టుకున్నాడు, ఆ టెన్షన్ ఒకటి. పొట్ట మధ్యలో, సరిగ్గా బొడ్డు ఉండాల్సిన చోట, బొచ్చు కప్పిన చిన్న గడ్డ వేలాడుతోంది. అమ్మయితే "బొడ్డు జారిందిరా దీనికి" అని తేల్చేసింది. కణితేమోనని నా భయం. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య ముడతలు ముడతలుగా చర్మం ఉంది. అదే రెక్కా? అసలు ఇది ఉడుతేనా? రాముడు మన ఉడుతకు మూడు చారలు వేస్తే దీనికి ముక్కు నుంచి నడుము దాకా ఒక్క నల్లచారే ఉంది. "ఏటిరా ఇది, ఒక్క వేలితోనే నిమిరి వదిలేశాడేటి" అంటుంది అమ్మ.

మరో సంగతి. చలికీ, పక్కింటి కుక్కపిల్ల రాత్రంతా మొరగడానికీ అమ్మకు నిద్ర చాలడం లేదు. కాస్త కోలుకున్నాక ఆవిడ కోసమైనా ఎవరైనా వివరంగా చెబితే చదివి వినిపిస్తాను.

వొలంగాంగ్ వదిన:

చదివి వినిపించు నాయనా. ముందు అమ్మగారికి నా నమస్కారం చెప్పు. నువ్వు పార వెతుకుతుంటే ఆవిడ శాలువా పరిచింది, అక్కడే తెలిసిపోయింది ఎవరికి బుర్ర ఉందో.

నేను గాయపడ్డ అడవి జంతువులను ఇంట్లో పెట్టుకుని చూసే పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను. జీతం లేని ఉద్యోగం. మా ఆయన మాటల్లో, ఇంటి సొమ్ము ఎదురు పెట్టే ఉద్యోగం. గ్లైడర్లు ఓ నలభై దాకా నా చేతుల మీదుగా వెళ్ళాయి. సగానికి పైగా పిల్లి నోట పడినవో, ముళ్ళతీగకు చిక్కుకున్నవో.

మీ వాడు చావలేదు. దాన్ని టార్పర్ అంటారు. చలికాలమంతా పడుకునే నిద్ర కాదిది, ఏ పూటకు ఆ పూట ఒళ్ళు ఆర్పేసుకోవడం. మామూలుగా దీని ఒళ్ళు మనలాగే 36 డిగ్రీల దగ్గర ఉంటుంది. వాన పడి, చలి పుట్టి, బయటికి వెళ్ళినా తిండి దొరకదనుకున్న రోజున పొయ్యి కట్టేసుకున్నట్టు ఒంటి వేడిని దించేసుకుంటుంది. 10.4 డిగ్రీల దాకా దిగిన గ్లైడర్లను కొలిచారు. అలా రెండు గంటలు ఉండొచ్చు, 23 గంటలూ ఉండొచ్చు. గుండె, ఊపిరి ఎంత నెమ్మదిస్తాయంటే చేత్తో పట్టుకున్నా మనకు తెలియదు. మూడు రోజుల వాన అన్నావు చూడు, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. మామూలుగా తొర్రలో నలుగురైదుగురు ఒకరి మీద ఒకరు పడి పడుకుంటారు, ఆ వెచ్చదనంలో ఇంత దూరం రాదు. మీవాడు ఎందుకో వానలో ఇంటికి చేరలేక మీ బుట్టలో దూరినట్టున్నాడు.

ఒక్క మాట. మళ్ళీ ఎప్పుడైనా ఇలా దొరికితే అరచేతుల్లో కాచవద్దు. లేవడానికి అది దాచుకున్న శక్తి ఖర్చు పెడుతుంది, లేచాక మన మొహాలు చూసి హడలిపోతుంది. గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తని గుడ్డ వేసి, మూతపెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచి ఫోన్ చెయ్యడమే. పాలు మాత్రం పట్టకండి. ఆవుపాలు ఈ సంచి జంతువులకు అరగవు. పిల్లి నోట పడిందని తెలిస్తే, గాయం కనబడకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పిల్లి కోర దింపిన క్రిమి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

బోడిమచ్చకు వస్తాను. తామర కాదు, పిల్లాడి గురించి బెంగ వద్దు. ఎదిగిన మగదానికి నెత్తి మీద వాసన గ్రంథి ఉంటుంది. అక్కడ జుట్టు ఊడి బొట్టుబిళ్ళలా నున్నగా అవుతుంది. మచ్చ స్పష్టంగా ఉందంటే ఆ గుంపులో పెద్దమనిషి అయి ఉండొచ్చు. గుంపులో అందరికీ ఆ నెత్తి రుద్ది తన వాసన అంటిస్తాడు. రొమ్ము మీద ఇంకొకటి, తోక మొదట్లో ఇంకొన్ని గ్రంథులు ఉంటాయి. చీకట్లో ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్నది వీళ్ళు కళ్ళతో కాదు, ముక్కుతో తేల్చుకుంటారు. ఒంటి మీద వేరే వాసనతో వచ్చాడా, తన్ని తగలేస్తారు. అందుకే మా దగ్గర కోలుకున్నవాటిని దొరికిన చెట్టు దగ్గరే, వీలైనంత తొందరగా వదిలేస్తాం. మీ ఇంటికి వచ్చినావిడ అదే రోజు రాత్రి తెచ్చి వదలడం వెనక కారణం అదే.

ఇక ఆ జారిన బొడ్డు. అమ్మగారికి ఎలా చదివి వినిపిస్తావో నీ ఇష్టం. అది వృషణాల సంచి. కుక్కకీ పిల్లికీ వెనక ఉంటుంది, వీటికి పొట్ట మీద బొడ్డు చోట వేలాడుతుంది. నేను కొత్తలో ఒకదాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తి నవ్వులపాలయ్యాను, నువ్వు ఇంటర్నెట్‌లో అడిగావు, నయం. మగదాని అంగం కూడా చివర రెండుగా చీలి ఉంటుంది. ఆడదానికి గర్భసంచులు రెండు. పొట్ట మీద, అదే చోట, సన్నని చీలికలా సంచి మూతి కనబడుతుంది. లోపల నాలుగు చనుమొనలు.

కడుపులో పిల్ల ఉండేది 16 రోజులు, అంతే. పుట్టినప్పుడు ఎంత ఉంటుందో తెలుసా? 0.2 గ్రాములు. కంసాలి తూకంలో చెప్పాలంటే రెండు గురిగింజల ఎత్తు కూడా లేదు. కళ్ళు లేవు, చెవులు లేవు, వెనక కాళ్ళు మొగ్గల్లా ఉంటాయి. ముందు కాళ్ళతో పాక్కుంటూ సంచిలోకి చేరి చనుమొన నోట పట్టుకుంటుంది. రెండు నెలలకు పైగా అక్కడే. బయటికి వచ్చాక ఇంకో నెలా నెలన్నర తొర్రలో. మామూలుగా ఈతకు ఇద్దరు. తల్లి తిండికి వెళ్ళినప్పుడు తండ్రి కూర్చుని పిల్లలకు ఒంటి వేడి ఇస్తాడు. ఇన్ని జంతువులను చూశాను, ఇలాంటి మొగుళ్ళు తక్కువే.

చర్మం సంగతి ఇంకెవరైనా చెప్పండి, పొయ్యి మీద పప్పు పొంగుతోంది.

మారేడుమిల్లి మాస్టారు:

వదినగారు పప్పు చూసుకునేలోగా ఆ చర్మం సంగతి నేను చెబుతాను. ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పినవాణ్ణి, అడక్కపోయినా చెప్పే జబ్బు ఉంది.

అది ఉడుత కాదు. ఉడుత ఎలుకల జాతి. ఇది కంగారూ, పోసమ్‌ల (చెట్ల మీద తిరిగే సంచి జంతువులు) వైపు చుట్టం. ఈ రెండు వంశాలూ దాదాపు 16 కోట్ల ఏళ్ళ కిందటే విడిపోయాయి. వంశం చూస్తే మన పెరటి ఉడుత దీనికన్నా మనిషికే దగ్గర బంధువు.

తమాషా ఏమిటంటే మా తూర్పు కనుమల్లో, పాపికొండల అడవుల్లో ఎగిరే ఉడుత ఉంది. అది నిజమైన ఉడుతే. తోకతో కలిపి మీటరు దగ్గర ఉంటుంది, రాత్రిపూట టార్చి వేస్తే కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. దానికీ ఇలాంటి చర్మమే. చెట్టు మీద నుంచి చెట్టు మీదికి పోవాలి, మధ్యలో నేల మీదికి దిగితే ఎవరో ఒకరు తింటారు. ఈ ఇబ్బంది ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఎవరికి వారే, ఒకరినొకరు చూడకుండా, ఒకే ఉపాయం పట్టారు. కాకపోతే కుట్టిన తీరులో తేడా ఉంది. మన ఎగిరే ఉడుతకు మణికట్టు దగ్గర గొడుగు పుల్లలాంటి మృదులాస్థి పొడుచుకుని వస్తుంది, చర్మాన్ని అది చాపుతుంది. మీ గ్లైడర్‌కు ఆ పుల్ల లేదు. ముందు కాలి చిటికెనవేలి నుంచి వెనక కాలి బొటనవేలి దాకా చర్మం తిన్నగా అతుక్కుని ఉంటుంది. నలుగురు నాలుగు చెంగులు పట్టుకుని దుప్పటి దులిపినట్టు కాళ్ళు చాపితే చాలు.

అది రెక్క కాదు, ఎగరడమూ కాదు. పైనుంచి జారడం. దానికీ లెక్క కట్టారు: ఒక మీటరు కిందికి దిగేలోగా 1.82 మీటర్లు ముందుకు పోతుంది. అంటే ఇరవై మీటర్ల ఎత్తు నుంచి దూకితే 36 మీటర్ల అవతలి చెట్టు మొదట్లో వాలుతుంది. 50 మీటర్ల దాకా పోయినవీ ఉన్నాయి. ఎడమకు తిరగాలంటే ఆ వైపు కాలు కాస్త దించి చర్మాన్ని వదులు చేస్తుంది. తోక చుక్కానిలా పనికొస్తుంది. చెట్టు దగ్గరికి రాగానే ఒళ్ళు పైకెత్తి, వేగం చంపుకుని, నాలుగు పాదాలతో మానును పట్టుకుంటుంది. వెనక బొటనవేలికి గోరు ఉండదు, మిగతా వేళ్ళకు ఎదురుగా తిరుగుతుంది, కొమ్మను పట్టడానికి. పక్కన రెండు వేళ్ళు అతుక్కుపోయి ఉంటాయి, అవి దువ్వెన. ఫోటో ఉంటే పిల్లాడికి చూపించండి.

ఉప్పల్ మెట్రో:

మంచి టైంలో కనబడ్డారు వదినా. నా దగ్గర ఒక జంట ఉంది, హైదరాబాద్‌లోనే కొన్నాను. ఎనిమిది నెలలైంది. పేరే షుగర్ కదా అని బొప్పాయి, అరటిపండు, తేనె పెడుతున్నాను. బాగా తింటున్నాయి. కానీ పది రోజుల నుంచి ఆడది వెనక కాళ్ళు ఈడుస్తోంది. అమ్మినాయన ఫోన్‌లో "పళ్ళు పెరిగి ఉంటాయి, తిండి నమలలేక నీరసం, ముందు పళ్ళు కత్తిరించు" అంటున్నాడు. కత్తిరించాలా?

వొలంగాంగ్ వదిన:

కత్తిరించకు! ఉడుతకూ ఎలుకకూ ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతాయి. దీనికి పెరగవు. కింద దవడలో ఉలిలా ముందుకు పొడుచుకుని వచ్చే రెండు పళ్ళు చూసి అమ్మినాయన ఎలుక అనుకున్నాడు. ఒకసారి కత్తిరిస్తే పోయినట్టే, నరం బయటపడి నరకం చూస్తుంది.

వెనక కాళ్ళు పోవడం కాల్షియం లేక. పెంపుడు గ్లైడర్లలో ఎక్కువగా చూసే జబ్బు ఇదే. పండులో కాల్షియం తక్కువ, తేనెలో అసలు లేనట్టే. ఒంటికి చాలక ఎముకల్లోంచి తోడుకుంటుంది, ఎముకలు గుల్లవుతాయి. ఇవాళే, రేపు కాదు, పక్షులకూ చిన్న జంతువులకూ వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఎక్స్‌రే తీస్తారు, కాల్షియం మొదలుపెడతారు. తొందరగా పట్టుకుంటే చాలావరకు కోలుకుంటాయి. అప్పటిదాకా బోనులో ఎత్తు కొమ్మలు తీసేయ్, పడితే ఎముక విరుగుతుంది.

పేరు చూసి మోసపోయావు. ఎండాకాలమంతా ఇవి వేటగాళ్ళు. పురుగులు, సాలీళ్ళు, చిమ్మటలు కరకరలాడిస్తాయి. పురుగులు తగ్గే చలికాలంలో చెట్ల జిగురు మీద బతుకుతాయి. ఇక్కడి వాటిల్ చెట్టు మన తుమ్మకు చుట్టం, దాని బంక వీళ్ళకు ప్రాణం. యూకలిప్టస్ మానుకు ఆ ఉలిపళ్ళతో గాటు పెట్టి, మర్నాడు మళ్ళీ అదే గాటు దగ్గరికి వస్తాయి, అచ్చం మన గీత పని చేసేవాళ్ళు తాటిచెట్టు దగ్గరికి వచ్చినట్టు. ఆ బంక అరగడానికే పేగుల మధ్య పెద్ద సంచి ఉంటుంది, అందులో పులియబెట్టుకుంటాయి. పువ్వుల్లో మకరందం, పుప్పొడి కూడా తింటాయి. మీ బొప్పాయి ముక్క ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ముద్దొస్తున్నాయని సాధువులు అనుకోవద్దు. టాస్మేనియాకు వీటిని 1830ల్లో మనుషులు తీసుకెళ్ళి వదిలారు. అక్కడ స్విఫ్ట్ చిలుకలు తొర్రల్లో గుడ్లు పొదుగుతాయి. ఇవి రాత్రి దూరి గుడ్లతో పాటు పొదిగే తల్లిని కూడా తినేస్తున్నాయి. ఆ చిలుకలు అంతరించిపోయే దశకు రావడంలో దీని చెయ్యి ఉంది.

ఒంటరిగా ఉంచకు. ఆడదాన్ని డాక్టరు ఒకటి రెండు రోజులు ఉంచుకుంటానంటే మగదాన్నీ పంపు. విడివిడిగా దిగులు పడి బొచ్చు పీక్కుంటాయి. సరిగ్గా చూస్తే పన్నెండేళ్ళు బతుకుతాయి, ఆ లెక్కన నీ పెళ్ళి, పిల్లలు అన్నీ చూస్తాయి. ఆలోచించుకో.

మారేడుమిల్లి మాస్టారు:

పేరు విషయంలో చిన్న చేర్పు. ఇన్నాళ్ళూ అంతటినీ కలిపి షుగర్ గ్లైడర్ అన్నారు. 2020లో జన్యువులూ పుర్రెలూ కొలిచి మూడు జాతులుగా విడదీశారు. అసలు షుగర్ గ్లైడర్ పేరు తూర్పు తీరానికీ కొండల వరుసకూ మధ్య ఉన్నదానికే మిగిలింది. ఉత్తరాన సవానా గ్లైడర్, మిగతా చోట్ల క్రెఫ్ట్ గ్లైడర్. అంటే బెల్లంగారూ, మీ బుట్టలో దూరింది ఖరారుగా అసలు సరుకే. అమెరికాలో పెంచుకునేవాటి జన్యువులు 2019లో చూస్తే అవి ఆస్ట్రేలియావే కావు, ఇండోనేషియా వైపు పశ్చిమ పపువా నుంచి వెళ్ళినవని తేలింది.

ఇంకొకటి, ఇందాకటి నుంచి అడుగుదామని ఆగాను. మీ పక్కింటి పెద్దావిడ కుక్కను పెంచుతారా?

అనకాపల్లి బెల్లం:

అందరికీ చాలా థాంక్స్. అమ్మకు మొత్తం చదివి వినిపించాను, బొడ్డు పేరా తప్ప. అది ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ లాక్కుని చదివేసి, మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గురిగింజల లెక్క మాత్రం బాగా పట్టేసింది, విశాఖలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

మావాడు ఒకదాన్ని పెంచుకుందామని గొడవ. ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో అలా పెంచుకోనివ్వరు, విక్టోరియాలోనైతే లైసెన్సుతో కుదురుతుంది అని తెలిసింది. యూకలిప్టస్ చెట్టుకు తొర్ర పడాలంటే వందేళ్ళ పైన పడుతుందట, కాబట్టి గ్లైడర్లకు ఇల్లుగా చెట్టుకు చెక్కపెట్టె కడదామని రాజీకి వచ్చాం. కన్నం నాలుగున్నర సెంటీమీటర్లు, పెద్ద పోసమ్‌లు దూరకుండా. నేనూ వాడూ శనివారం నిచ్చెన వేసి షెడ్డు వెనక చెట్టుకు కట్టాం. అమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది, క్లిప్పుల బుట్ట కూడా అక్కడే వేలాడదీసి ఉంచమంది. బట్టలకు కొత్త బుట్ట కొన్నాం.

ఉప్పల్ తమ్ముడూ, ఆడదానికి ఎలా ఉందో రాయి.

మాస్టారూ, మీరు అడిగాక వెళ్ళి కనుక్కున్నాను. పక్కింటావిడకు కుక్క లేదు. ఎప్పుడూ లేదట. రాత్రి పదకొండింటికి అమ్మ వచ్చి నన్ను లేపింది. ఇద్దరం దుప్పట్లు కప్పుకుని పెరట్లో నిలబడ్డాం. చెట్టు పైనుంచి, బాగా పైనుంచి, ఆగి ఆగి, "యాప్... యాప్... యాప్..." అని బుల్లి కుక్కపిల్ల మొరుగుతోంది.

వొలంగాంగ్ వదిన:

మాస్టారికి నూటికి నూరు మార్కులు. ఈ ముక్క నేను పట్టుకోలేకపోయాను చూడు.

ఉప్పల్ మెట్రో:

డాక్టర్ ఎక్స్‌రే తీశారు వదినా, మీరు చెప్పిందే. కాల్షియం మొదలైంది. ఇద్దరినీ కలిపే పంపాను. మిడతలు ఎక్కడ దొరుకుతాయో వెతుకుతున్నాను.